ఉప్పునీటిలో మునిగిన కెమెరాను ఎంతవరకు కాపాడుకోవచ్చు?

ప్రశ్న – అలలవైపు

అందరికీ నమస్కారం. మొన్న సాయంత్రం సముద్రంలో మోకాలి లోతున నిలబడి, ఒడ్డున కూర్చున్న అమ్మానాన్నలను ఫొటోలు తీస్తుండగా, వెనుక నుంచి వచ్చిన అల తోసేయడంతో నేను నీళ్లలో కూలబడ్డాను. మెడలో వేలాడుతున్న కెమెరా కూడా నాతోపాటు పూర్తిగా మునిగింది. అది లెన్స్ మార్చుకునే వీలున్న మిర్రర్‌లెస్ కెమెరా. నీటిలో ఉన్నది 10 సెకన్లకు మించి ఉండదు. పైకి తీసేసరికి స్క్రీన్ వెలుగుతూనే ఉంది. కొద్దిసేపు మిణుకుమిణుకుమని ఆ తరువాత ఆరిపోయింది. కంగారులో రెండు మూడు సార్లు స్విచ్ తిప్పి చూశాను గాని ఫలితం లేకపోయింది. బ్యాటరీ తీసేయాలన్న ఆలోచన బస చేసిన గదికి చేరుకున్నాక, అంటే దాదాపు 20 నిమిషాల తరువాత గాని రాలేదు.

అప్పటి నుంచి 2 రోజులుగా కెమెరాను, లెన్స్‌ను విడదీసి బియ్యం డబ్బాలో పూడ్చి ఉంచాను. ఈరోజు తీసి చూస్తే పైకి అంతా పొడిగానే ఉంది; అయితే లెన్స్ లోపలి అద్దాల మీద పొగమంచు వంటి మసక కనిపిస్తోంది, బ్యాటరీ పెట్టే గదిలో ఒక మూల తెల్లటి పొడి పేరుకుంది. మెమరీ కార్డు ఇంకా కెమెరాలోనే ఉంది. తీస్తే ఏమవుతుందోనన్న భయంతో దాని జోలికి వెళ్లలేదు.

అన్నిటికంటే ముందు నాకు ఆ కార్డులోని ఫొటోలు కావాలి, వాటికి ఎక్కడా నకలు లేదు. ఆ తరువాత, ఇంకెన్ని రోజులు ఆగి బ్యాటరీ పెట్టి చూడవచ్చో చెప్పండి. సముద్రంలో పడిన కెమెరాను వెంటనే మంచినీటిలో ముంచి కడగవలసిందని ఒక మిత్రుడు అంటున్నాడు. తడిసినదాన్ని మళ్లీ తడపడమేమిటని నేను ఒప్పుకోలేకపోతున్నాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు – చిన్నస్క్రూ

కెమెరాలు విప్పి బాగుచేయడమే నా పని కాబట్టి కొంత నిష్కర్షగా చెబుతాను, ఏమీ అనుకోకండి. కెమెరాను బియ్యంలో నుంచి తీయండి, కార్డును కెమెరాలో నుంచి తీయండి, బ్యాటరీని మాత్రం మళ్లీ లోపల పెట్టకండి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఆన్ చేసి చూడడమనే పరీక్ష, బతికే అవకాశమున్న కెమెరాలను కూడా చంపడం నేను చాలాసార్లు చూశాను.

మీరు 10 సెకన్ల మునకను తలచుకుని బాధపడుతున్నారు గాని, నా లెక్కలో అసలు నష్టం ఆ తరువాతి 20 నిమిషాలలో జరిగింది. శుద్ధమైన నీరు విద్యుత్తును చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది. అందులో కరిగిన లవణాలే కరెంటుకు దారి వేస్తాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అటువంటి నీరు సర్క్యూట్ బోర్డు మీద నిలిచి ఉండగా బ్యాటరీ కూడా అలాగే ఉంటే, ఆ బోర్డు లోహపు పూత వేసే తొట్టిలా మారుతుంది: ధనవైపు ఉన్న రాగి గీతలు, కనెక్టర్ల కాళ్లు కరుగుతాయి, కరిగిన లోహం రుణవైపు పేరుకుని రెండు దారులను కలిపేస్తుంది. వెంట్రుక మందం గీతలకు ఇది నిమిషాల పని. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా కొన్ని భాగాలకు కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి స్విచ్ ఆఫ్ చేయడం వేరు, బ్యాటరీ తీయడం వేరు.

ఇక మీ మిత్రుడి మాట. ఆయన చెప్పినది సరైనదే, కాకపోతే దానికి గడువు ఉంది. కెమెరా సముద్రంలో పూర్తిగా మునిగిన తరువాత బ్యాటరీ, కార్డు, లెన్స్ తీసేసి, ఉప్పు ఎండకముందే బాడీని మంచినీటిలో ముంచి, నీరు రెండు మూడు సార్లు మార్చి, చివరిసారి బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగితే లోపలి ఉప్పులో చాలా భాగం బయటికి వచ్చేస్తుంది. మంచినీటిలో పడిన కెమెరాకు ఈ పని అవసరం లేదు, చేయకూడదు కూడా. అప్పటికే ఉప్పునీటితో నిండినదానికి మాత్రం కొత్తగా పోయేదేమీ ఉండదు. మీకు 2 రోజులు దాటిపోయింది. ఉప్పు చిప్‌ల కిందా రిబ్బన్ కేబుళ్ల (పలచటి పట్టీల వంటి తీగల) కనెక్టర్ల లోపలా గడ్డకట్టి ఉంటుంది. ఇప్పుడు పైనుంచి ముంచితే అక్కడక్కడ ఉన్న ఉప్పు కరిగి ఇప్పటిదాకా శుభ్రంగా ఉన్న చోట్లకు కూడా పాకుతుంది. ఈ దశలో విప్పి, బోర్డును విడిగా కడగడమే మార్గం.

జవాబు – పాతలెన్స్

నాది ఏటి నీటి అనుభవం. కొన్నేళ్ల క్రితం పడవ దిగుతూ నా చిన్న కెమెరాను ఏటిలో జారవిడిచాను. తీసిన వెంటనే బ్యాటరీ తొలగించి, తలుపులన్నీ తెరిచి, ఫ్యాను గాలికి ఒక రోజు, ఆ తరువాత గాలి చొరబడని డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ గుళికలతో 6 రోజులు ఉంచాను. అది ఆ తరువాత చాలాకాలం పనిచేసింది. కాబట్టి ఓపికపడితే బతికే కెమెరాలు ఉన్నాయని చెప్పదలచుకున్నాను, అయితే మంచినీటి కథను సముద్రానికి అన్వయించలేమని చిన్నస్క్రూ గారు చెప్పిన మాటను కూడా ఒప్పుకుంటున్నాను.

బియ్యం గురించి నాకు పెద్ద ఫిర్యాదు ఉంది. నిల్వ ఉంచిన బియ్యంలోనే సుమారు 12 నుంచి 14 శాతం తేమ ఉంటుంది. అది కెమెరా లోపలి తేమను చెప్పుకోదగినంత పీల్చదు సరికదా, తవుడు పొడి బటన్ల సందుల్లో చేరి తడితో కలిసి జిగురవుతుంది. మొదటి దశలో చేయవలసినది కారే నీటిని కారనివ్వడం, గాలి ఆడనివ్వడం. ఫ్యాను ముందు తలుపులు కిందికి ఉండేలా పెట్టి, కొన్ని గంటలకొకసారి పక్క మార్చాలి. ఆ తరువాతే సిలికా జెల్. రంగు మారే గుళికలు దొరికితే మేలు, ఎందుకంటే నారింజ రంగు గుళికలు తేమ పట్టాక ఆకుపచ్చగా మారి, ఇక తమవల్ల కాదని తామే చెబుతాయి.

హెయిర్ డ్రయ్యర్ జోలికి మాత్రం వెళ్లవద్దు. చాలా కెమెరాలను 0 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడేందుకే తయారుచేస్తారు. డ్రయ్యర్ గాలి అంతకంటే ఎంతో వేడిగా ఉండి జిగుళ్లను మెత్తబరుస్తుంది, లెన్స్ లోపలి గ్రీజును పలచబరిచి లోపలికి వచ్చే వెలుతురును తగ్గించే, పెంచే అపెర్చర్ రేకుల మీదికి పాకిస్తుంది, పైగా నీటి బొట్లను ఇంకా లోపలికి తోస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టమని చెప్పేవారు కూడా ఉన్నారు, వారికి ఏ దేవుడు చెప్పాడో నాకు తెలియదు. గడ్డకట్టే నీరు వ్యాకోచిస్తుంది, బయటికి తీయగానే చల్లటి లోహం మీద మళ్లీ తడి చేరుతుంది.

లెన్స్ మసక విషయం తేలికగా తీసుకోకండి. ఆ తేమ అలాగే ఉండిపోతే కొన్ని వారాలలో అద్దాల మీద సాలెగూడు వంటి బూజు పడుతుంది, అది విడుదల చేసే ఆమ్లాలు అద్దం మీది పూతను తినేస్తాయి. ఆ మచ్చలు తుడిస్తే పోయేవి కావు. ఇక బోర్డు సంగతికి వస్తే, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచితే నీటిని వెళ్లగొడుతుందని విన్నాను. మీరు దాన్ని ప్రయత్నించవచ్చు.

జవాబు – తేమకొలత

పాతలెన్స్ గారి ఆఖరి వాక్యం మీద ఒక సవరణ. నేను రసాయన శాస్త్రం బోధిస్తాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీటితో ఎంత కావాలంటే అంత కలుస్తుంది, త్వరగా ఆవిరవుతుంది, అంతవరకు నిజమే. కాని మామూలు ఉప్పు దానిలో దాదాపు కరగదు. అంటే సముద్రంలో మునిగిన బోర్డును నేరుగా ఆల్కహాల్‌లో ముంచితే నీరు పోయి ఉప్పు అక్కడే మిగులుతుంది. ముందుగా డిస్టిల్డ్ వాటర్‌తో ఉప్పును కరిగించి తీసేయాలి, ఆ తరువాత మిగిలిన నీటిని లాగడానికి ఆల్కహాల్ వాడాలి. క్రమం తప్పితే ప్రయోజనం లేదు. మొత్తం కెమెరాను అందులో ముంచడం మరీ ప్రమాదం, ఎందుకంటే అది జిగుళ్లను, కందెనను, స్క్రీన్ పొరలను పాడుచేయగలదు. దానికి త్వరగా మంట అంటుకుంటుందన్న సంగతి కూడా మరవరాదు.

ఎన్ని రోజులు ఆరబెట్టాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ ఉప్పులోనే ఉంది. మామూలు ఉప్పు గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటితే తనంతట తానే నీటిని పీల్చుకుని ద్రవంగా మారుతుంది; సముద్రపు లవణాలలో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. వానాకాలంలో ఉప్పు జాడీ చెమర్చడం మనమంతా చూసినదే, మీ కెమెరా లోపల ఇప్పుడు జరుగుతున్నది అదే. లోపల 2 మిల్లీలీటర్ల సముద్రపు నీరు నిలిచిందనుకుంటే, అది ఆరిన తరువాత దాదాపు 70 మిల్లీగ్రాముల ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు ప్రతి చెమ్మ రోజునా మళ్లీ తడుస్తుంది. కాబట్టి 7 రోజులు ఆగినా 70 రోజులు ఆగినా ఉప్పు తీసేయని కెమెరా ఆరినట్టు కాదు. సిలికా జెల్ డబ్బా ఆ చెమ్మను అడ్డుకుని క్షయాన్ని నెమ్మదింపజేస్తుంది, అంతే. పీడనం తగ్గించి నీటిని గది వేడిమిలోనే మరిగించే వాక్యూమ్ పద్ధతి కూడా ఇంతే; నీటిని తీసుకుపోతుంది, ఉప్పును మీకే వదిలిపెడుతుంది.

జవాబు – నకలుపెట్టె

మిగతావారు కెమెరా గురించి చెప్పారు, నేను కార్డు గురించే చెబుతాను. ఈ మొత్తంలో బతికే అవకాశం అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది దానికే. ఎస్‌డీ కార్డులో కదిలే భాగాలు లేవు, కరెంటు లేకపోయినా ఫ్లాష్ మెమరీలోని సమాచారం చెరగదు, చిప్‌లు ప్లాస్టిక్‌లో పోతపోసి ఉంటాయి, బయటికి కనిపించే పలకలకు బంగారు పూత ఉంటుంది. దానికి ప్రమాదం నీటి వల్ల కంటే ఆ పలకల మీది తడి ఆరకముందే కరెంటు ఇవ్వడం వల్ల ఎక్కువ.

కార్డును తీసి డిస్టిల్డ్ వాటర్‌లో నెమ్మదిగా కడిగి, నూలు పోగులు ఊడని గుడ్డతో అద్ది, ఒక రోజు నీడన ఆరనివ్వండి. పలకలను పెన్సిల్ రబ్బరుతో రుద్దమని కొందరు చెబుతారు; ఆ పూత చాలా పలచన కాబట్టి నేను చెప్పను. కార్డు పక్కన ఉండే చిన్న తాళం మీటను కిందికి జరిపి, కెమెరాలో కాకుండా విడి కార్డు రీడర్‌లో పెట్టండి. అలా చేస్తే సాధారణంగా కంప్యూటరు కార్డు మీద ఏమీ రాయదు. ఫార్మాట్ చేయమని అడిగితే ఒప్పుకోకండి. కార్డు కనిపిస్తే ఒక్కొక్క ఫొటో తెరిచి చూసుకుంటూ మురిసిపోకుండా ముందు మొత్తాన్ని ఒకేసారి కాపీ చేయండి, ఎందుకంటే అది ఎంతసేపు పనిచేస్తుందో చెప్పలేము. ఫైళ్లు కనిపించకపోతే కార్డు మొత్తానికి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా నకలు తీసి, ఆ ఇమేజ్ మీద ఫొటోరెక్ వంటి ఉచిత సాధనాన్ని నడపండి. అది ఫైళ్ల జాబితాతో పనిలేకుండా, జేపెగ్ ఫైలు మొదట్లో ఉండే గుర్తును పట్టుకుని ఫొటోలను వెలికితీస్తుంది.

అలలవైపు

అందరికీ ధన్యవాదాలు. నకలుపెట్టె గారూ, మీరు చెప్పినట్టే చేశాను; కార్డు మొదటిసారికే చదివింది. 412 ఫొటోలలో 411 నిక్షేపంగా ఉన్నాయి. ఆఖరిది మాత్రం పై సగమే ఉంది, మిగతాదంతా బూడిదరంగు. వరుస షాట్ల మోడ్‌లో తీస్తున్నాను కాబట్టి అది రాస్తుండగానే నీరు చేరి ఉంటుంది. ఆ పై సగంలో నాన్న చెయ్యెత్తి ఏదో చెబుతున్నారు. అల గురించేనని ఇప్పుడు తెలుస్తోంది.

కెమెరా విషయంలో మరో రెండు సందేహాలు. స్క్రూలు విప్పి లోపల నేనే శుభ్రం చేసుకోవచ్చా? ఎలా విప్పాలో చూపే వీడియోలు ఉన్నాయి, చేతి పనిలో నాకు కొంత అలవాటు కూడా ఉంది. తడిసిన బ్యాటరీ పైకి బాగానే ఉంది, దాన్ని ఛార్జరులో పెట్టి చూడవచ్చా?

జవాబు – చిన్నస్క్రూ

రెండవదానికి ముందు జవాబిస్తాను: వద్దు. ఉప్పునీరు తాగిన లిథియం అయాన్ బ్యాటరీ లోపల చిన్న రక్షణ సర్క్యూట్ ఉంటుంది, అది కూడా ఈపాటికి క్షయమవుతూ ఉండవచ్చు. ఛార్జింగులో అటువంటి బ్యాటరీ ఉబ్బి మంట పట్టవచ్చు. మండే వస్తువులకు దూరంగా, వీలైతే ఇంటి బయట, ఇసుక పోసిన లోహపు డబ్బాలో ఉంచి, వాడిన బ్యాటరీలు తీసుకునే చోట అప్పగించండి. చెత్తబుట్టలో వేయకండి.

విప్పడం గురించి. మీ కెమెరాలో అంతర్గత ఫ్లాష్ ఉంటే దానికి విద్యుత్తును అందించే కెపాసిటర్ దాదాపు 300 వోల్టుల దగ్గర నిండి ఉంటుంది, బ్యాటరీ తీసిన చాలాసేపటి వరకు ఆ ఛార్జ్ నిలవగలదు. దాని కాళ్లకు వేలు తగిలితే కొట్టే షాక్ మామూలుది కాదు. నాకు నేర్పినవారు మొదటి రోజే దాన్ని గుర్తుపట్టడం, నిరోధకంతో ఖాళీ చేయడం నేర్పించిన తరువాతే స్క్రూడ్రైవర్ చేతికిచ్చారు. మీ కెమెరాలో ఫ్లాష్ లేకపోయినా, గోరుతో లాగితే చిరిగిపోయే రిబ్బన్ కేబుళ్లు, పొడవులో అర మిల్లీమీటరు తేడాతో ఒకదాని చోట ఒకటి బిగిస్తే బోర్డును పొడిచేసే స్క్రూలు ఉంటాయి. చేతి పని తెలిసినవారికి ఇది అసాధ్యం అనను. కాని మొదటిసారి విప్పేది ఇప్పటికే చావుబతుకుల్లో ఉన్న కెమెరా కాకూడదన్నది నా అభిప్రాయం.

ఇంట్లో మీరు చేయదగినది ఒకటి ఉంది. బ్యాటరీ గదిలోని తెల్లటి పొడిని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి గట్టిగా పిండిన దూది పుల్లతో తీసి, ఆ తరువాత ఆల్కహాల్ అద్దిన మరో పుల్లతో తుడవండి. ఆకుపచ్చని చిలుము కనిపిస్తే అక్కడ రాగి బయటపడిందని అర్థం, దాన్ని గోకకండి. ఆ వెంటనే సిలికా జెల్ డబ్బాలో పెట్టి, ఆలస్యం చేయకుండా విప్పగలిగినవారికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు నీళ్లలో పడిందని మాత్రమే కాకుండా సముద్రంలో పడిందని, ఆ తరువాత 20 నిమిషాలు బ్యాటరీ ఉందని చెప్పండి. లోపల తడి తగిలితే తెలుపు నుంచి ఎరుపుకు మారే చీటీలు ఉంటాయి కాబట్టి దాచినా దాగదు, వారంటీ కూడా సాధారణంగా ఇటువంటి నష్టానికి వర్తించదు. పని మొదలుపెట్టే ముందు, బోర్డును విడదీసి కడుగుతారా లేక ఆరబెట్టి మూసేస్తారా అని అడగండి. రెండవ జవాబు వస్తే కెమెరాను వెనక్కి తీసుకోండి.

జవాబు – పాతలెన్స్

తేమకొలత గారి సవరణకు ధన్యవాదాలు, ఆ సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. లెన్స్ గురించి ఒక మాట. బాడీకీ లెన్స్‌కూ ఒకే మరమ్మతుదారు దొరకకపోవచ్చు, అద్దాలను విప్పి మళ్లీ ఒకే అక్షం మీద కూర్చోబెట్టడం వేరే విద్య. కెమెరాతోపాటే వచ్చే మామూలు కిట్ లెన్స్ అయితే ఆ కష్టానికి సరిపడే ఫలితం ఉండకపోవచ్చు.

అలలవైపు

3 వారాల తరువాత రాస్తున్నాను. విప్పి చూసినాయన బోర్డును డిస్టిల్డ్ వాటర్‌తో అల్ట్రాసోనిక్ తొట్టిలో కడిగి, ఆల్కహాల్‌తో ఆరబెట్టారు. బ్యాటరీ కనెక్టరు కాళ్లు రెండు పూర్తిగా తినేసి ఉన్నాయట, దాన్ని మార్చారు. పైన బయటి ఫ్లాష్ బిగించే చోట ఉన్న చిన్న బోర్డు ఆకుపచ్చగా మారిపోయింది. దానికి విడి భాగం దొరకలేదు కాబట్టి అది ఇక పనిచేయదు. సెన్సర్ మీద రెండు మరకలు ఉంటే తుడిస్తే పోయాయి. కెమెరా ఆన్ అవుతోంది, ఫొటోలు తీస్తోంది, షట్టర్ బటన్ మాత్రం సగం నొక్కగానే ఒక్కోసారి పూర్తిగా నొక్కినట్టు అనుకుంటుంది.

లెన్స్‌ను వదులుకున్నాను. అపెర్చర్‌ను నడిపే రిబ్బన్ కేబుల్ క్షయమైపోయింది, అద్దాల మీద మసక కూడా పోలేదు. మరమ్మతు చేసినాయన ఈ కెమెరాను ముఖ్యమైన సందర్భానికి ఒక్కదాన్నే నమ్ముకుని తీసుకువెళ్లవద్దని, నెలకొకసారి బ్యాటరీ గదిలో చిలుము కనిపిస్తుందేమో చూసుకోమని చెప్పారు. మొదటి తనిఖీ వచ్చే వారం.